ట్రూత్ ఆర్ డేర్: ఏ వయసు వారితో ఎలా ఆడాలి

"సంక్రాంతికి అందరం కలుస్తున్నాం, ట్రూత్ ఆర్ డేర్‌కు మంచి ప్రశ్నలు చెప్పండి" అని అడిగేవారు ప్రతి సెలవుల్లోనూ ఉంటారు. కాలేజీ పిల్లలు అడుగుతారు. ఆఫీసు విహారయాత్రకు ఏర్పాట్లు చూసేవారూ అడుగుతారు. అందరికీ కావలసింది ప్రశ్నల జాబితానే. ఇస్తాను. కానీ ఈ ఆట చెడేది ప్రశ్నలు దొరకక కాదు. ఎవరి ముందు ఏది అడగకూడదో ముందుగా ఆలోచించకపోవడం వల్ల, కాదనే వీలు ఎవరికీ ఇవ్వకపోవడం వల్ల చెడుతుంది. నిశ్చింతగా కాదనగలిగిన చోటే మనుషులు మనసు విప్పి నిజం చెబుతారు, సిగ్గు వదిలి డేర్ చేస్తారు. కింద చెప్పే పద్ధతికి ఆధారం అదే.

ఆట తెలియనివారికి రెండు మాటలు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు, మధ్యలో సీసా తిప్పుతారు. మూతి ఎవరి వైపు ఆగితే ఈసారి వంతు వారిది. ట్రూత్ అంటే ఒక ప్రశ్నకు నిజం చెప్పాలి, డేర్ అంటే చెప్పిన పని చేసి చూపాలి. మన పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర ఆడపడుచు అడ్డుగా నిలబడి కొత్త దంపతుల చేత పేర్లు చెప్పించడం కూడా ఈ తరహా సరదాయే. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు ఇది అర్థం కాదని అనుకోకండి.

కావలసినవి

- మనుషులు: ఒక గుంపుకు 5 నుంచి 10 మంది. పన్నెండు మంది దాటితే రెండు గుంపులు చేయండి. ఇరవై మంది ఒకే చుట్టుగా కూర్చుంటే తన వంతు వచ్చేలోగా సగం మంది ఫోన్లు తీస్తారు.
- రెండు డబ్బాలు: ఒకటి ట్రూత్ చీటీలకు, ఒకటి డేర్ చీటీలకు.
- చీటీలు: ఎనిమిది మంది మూడు చుట్లు ఆడితే 24 వంతులు. అందరూ డేరే కోరుకోవచ్చు కాబట్టి ఒక్కో డబ్బాలో 30 వేయండి. మార్చుకోవడానికి కూడా కొన్ని మిగులుతాయి.
- తిప్పడానికి సీసా: గచ్చు మీద బాగా తిరుగుతుంది, చాప మీద తిరగదు. చాప ఉంటే కింద గట్టి అట్ట పెట్టండి. చిన్నపిల్లలుంటే గాజు సీసా వద్దు, స్టీలు గరిటె చాలు.
- ఒక గుడ్డ సంచి, గుప్పెడు చింతపిక్కలు: ఎందుకో చివరలో చెబుతాను.
- ఆట నడిపే ఒక మనిషి: అందరికంటే గట్టిగా నవ్వే మనిషి కాదు, అందరి ముఖాలూ గమనించే మనిషి కావాలి.

ఆడే పద్ధతి

1. చీటీలు ముందే రాయండి. అప్పటికప్పుడు నోటికి వచ్చింది అడిగే పద్ధతిలో మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది. తరువాత పాత కోపాలు ప్రశ్నల రూపంలో బయటికి వస్తాయి. బావమరిది బావను అడిగే ప్రశ్నలో అడగాలన్న కుతూహలం కంటే అనాలన్న కోరిక ఎక్కువ కావచ్చు. చీటీలో ఆ బెడద లేదు. అది ఎవరికి వస్తుందో రాసినవారికీ తెలియదు.

2. ఆటకు ముందు ప్రతి ఒక్కరికీ ఒక ఖాళీ చీటీ ఇవ్వండి. తనను అడగకూడని విషయం ఒకటి దాని మీద రాసి, మడిచి, ఆట నడిపేవారికి ఇవ్వాలి. పేరు రాయనవసరం లేదు. "పెళ్లి", "మార్కులు", "ఉద్యోగం", "నా బరువు" వంటివి వస్తాయి. ఏమీ లేకపోతే ఖాళీగానే ఇవ్వవచ్చు, కానీ ఇవ్వడం మాత్రం అందరూ ఇవ్వాలి. లేకపోతే ఎవరు రాశారో తెలిసిపోతుంది. వాటికి తగిలే చీటీలు డబ్బాలోంచి తీసేయండి. ఇంత చిన్న పనిని దాదాపు ఎవరూ చేయరు. ఈ వ్యాసంలో ఒక్క సూచనే పాటించే ఓపిక ఉంటే ఇదే పాటించండి.

3. మిగిలిన ప్రతి చీటీని మూడు ముఖాలు తలచుకుని చదవండి: గుంపులో అందరికంటే చిన్నవారు, అందరికంటే పెద్దవారు, అందరికంటే కొత్తవారు. సంక్రాంతి గుంపులో ఆ కొత్తవారు కొత్త అల్లుడో కొత్త కోడలో అయి ఉంటారు. ఈ ముగ్గురిలో ఎవరికి వచ్చినా ఇబ్బంది లేదనిపిస్తేనే చీటీ డబ్బాలో ఉంచండి.

4. నియమాలు బిగ్గరగా చెప్పండి. నాలుగే చాలు. చీటీ నచ్చకపోతే కారణం చెప్పకుండా ఒకసారి మార్చుకోవచ్చు. అదీ నచ్చకపోతే "పాస్" అనవచ్చు. పాస్ అన్నవారు ఊరికే సీసా తిప్పుతారు, శిక్ష ఉండదు. ఇక్కడ ఎవరూ ఫోనులో ఫొటో, వీడియో తీయరు.

5. మొదటి వంతు ఎవరిదో తేల్చడానికి పంటలు వేయండి. పిల్లలకు అదే సగం సరదా. లేదా ఆట నడిపేవారే మొదటి చీటీ తీయాలి. నాకు రెండోదే ఇష్టం. పెద్ద మనిషి ముందుగా ఒక వెర్రి డేర్ చేస్తే మిగతావారి బెరుకు పోతుంది.

6. సీసా తిప్పండి. అది ఒకే మనిషి వైపు మళ్లీ మళ్లీ ఆగడం మామూలే. అందుకని ఒక చుట్టులో ఒకసారి వంతు వచ్చినవారి వైపు మళ్లీ ఆగితే, వారి కుడి పక్కన ఇంకా వంతు రానివారికి వెళ్లాలి.

7. ఒక్కో వంతుకు రెండు నిమిషాలు. జవాబు మీద ఒక ఎదురు ప్రశ్న అడగవచ్చు, రెండోది వద్దు. రెండోది మొదలైతే అది విచారణ అవుతుంది.

8. మూడు చుట్లు అయ్యాక ఆపి సంచి తిప్పండి. అందరి దగ్గరా ఒక్కో చింతపిక్క ఉంటుంది. ఇంకా ఆడాలని ఉంటే పిడికిలి మూసి సంచిలో పెట్టి పిక్క వదలాలి, చాలనిపిస్తే ఖాళీ పిడికిలే పెట్టి తీయాలి. తీసిన పిడికిలి విప్పకుండా అలాగే జేబులోకి పోనివ్వండి. పిక్కలు లెక్కపెట్టండి. మూడో వంతు మంది చాలన్నా ఆపేసి అంత్యాక్షరికి మారండి. ఐదేళ్ల లోపు పిల్లలు పక్కన ఉంటే పిక్కలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి. వాటి బదులు చీటీ ముక్కలు వాడినా సరిపోతుంది.

ఇంట్లో అన్ని వయసులవారూ కలిసినప్పుడు

అన్నిటికంటే కష్టమైన గుంపు ఇది, సరిగా నడిపితే అన్నిటికంటే బాగుండేదీ ఇదే. నానమ్మ, ఆమె కొడుకు, ఆ కొడుకు కూతురు ఒకే చుట్టులో కూర్చుని ఒకే నియమానికి లోబడే సందర్భాలు మన ఇళ్లలో ఎన్ని ఉంటాయి? పెద్దవారి చేత నిజం చెప్పించే అవకాశం పిల్లలకు, పిల్లల పేచీ లేకుండా తమ కథ చెప్పుకునే అవకాశం పెద్దలకు దొరుకుతుంది. అందుకే పాత రోజుల మీద ప్రశ్నలు ఎక్కువ పెట్టండి.

ట్రూత్‌కు ఇవి పనికొస్తాయి:
- దెబ్బలు తప్పించుకోవడానికి చిన్నప్పుడు చెప్పిన అబద్ధం ఏమిటి?
- మొదటి జీతంతో, లేదా మొదటిసారి చేతికి వచ్చిన డబ్బుతో ఏం కొన్నారు?
- బడిలో మీకు పెట్టిన మారుపేరు ఏమిటి? ఎవరు పెట్టారు?
- పెళ్లికి ముందు తాతయ్యను ఎన్నిసార్లు చూశారు? (ఇది నానమ్మకు, అమ్మమ్మకు ప్రత్యేకం. విడిగా పెట్టుకుని వారి వంతు వచ్చినప్పుడు ఇవ్వండి.)
- ఇంట్లో ఎవరికీ తెలియకుండా పగలగొట్టిన వస్తువు ఏది?
- బాగాలేకపోయినా బాగుందని చెప్పి తిన్న వంటకం ఏది? వండినవారి పేరు చెప్పనవసరం లేదు.

డేర్‌కు ఇవి:
- "లక్ష భక్ష్యాలు భక్షించేవాడికి ఒక భక్ష్యం లక్ష్యమా" అని తడబడకుండా ఐదుసార్లు అనాలి.
- ఒక నిమిషం పాటు ఒక్క ఇంగ్లిష్ మాట కూడా రాకుండా ఈ రోజు ఏం చేశారో చెప్పాలి. చదువుకున్నవారే ఎక్కువ ఓడిపోయే డేర్ ఇది, పెద్దవాళ్లకు బాగా నచ్చుతుంది.
- వేమన పద్యాన్ని టీవీలో వార్తలు చదివినట్లు చదవాలి.
- పెసరట్టు వేయడాన్ని క్రికెట్ వ్యాఖ్యానంలా చెప్పాలి.
- బస్సు కండక్టరులా గదంతా తిరిగి అందరికీ టికెట్లు కొట్టాలి.
- కళ్లకు గంతలు కట్టుకుని పోపుల పెట్టెలోని దినుసులను వాసనతో గుర్తుపట్టాలి. కారం, మిరియాల పొడి ముందే తీసేయండి. గిన్నె ముక్కుకు మరీ దగ్గరగా పెట్టకండి.

మోకాళ్ల నొప్పులున్నవారికి లేచి చేసే డేర్లు వద్దు. వారు కుర్చీలో కూర్చునే ఆడతారు, సీసా వారి కాళ్ల దగ్గరికి వచ్చేలా చుట్టు సర్దుకోండి.

ఇక ఈ గుంపులో ఎప్పటికీ అడగకూడనివి. "పెళ్లెప్పుడు?", "పిల్లలెప్పుడు?", "జీతం ఎంత?", "ఎన్ని మార్కులు వచ్చాయి?" అనేవి ఎలాగూ రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆటలో కూడా అవే అడిగితే ఆ మనిషి మళ్లీ చుట్టులో కూర్చోరు. అత్తగారి వంట బాగుంటుందా, అమ్మ వంట బాగుంటుందా అని కోడలిని అడగకండి. ఒంటి రంగు, కులం, ఆస్తి పంపకాలు, ఎవరి అప్పులు ఎవరు తీర్చారన్న సంగతులు డబ్బా దరిదాపులకు రానీయకండి. "అమ్మ అంటే ఎక్కువ ఇష్టమా, నాన్న అంటే ఎక్కువ ఇష్టమా?" అని పిల్లలను అడగడం చాలామందికి ముద్దుగా అనిపిస్తుంది. ఎదురుగా ఇద్దరూ కూర్చుని చూస్తుంటే ఆ పిల్ల ఏం చెప్పగలదు? దయచేసి మానేయండి.

ఏడేళ్ల లోపు పిల్లలు

వీరిని ఆటలో అరటిపండుగా ఉంచండి. వంతు వస్తుంది, ఓటమి ఉండదు. ట్రూత్ వీరికి పెద్దగా అర్థం కాదు, అడిగినా ఊహించిందీ జరిగిందీ కలిపి చెబుతారు. డేర్లే ఇవ్వండి: కప్పలా మూడు గెంతులు, పిల్లిలా అరవడం, గదిలో ఎర్రగా ఉన్న వస్తువు తెచ్చి చూపడం. చదవడం రాదు కాబట్టి చీటీ మీద బొమ్మ గీయండి. పదిహేను నిమిషాలు దాటనీయకండి.

ఎనిమిది నుంచి పన్నెండు

ఈ వయసుకు ఒకే చిక్కు: ఎదుటివారిని ఏడిపించేదే మంచి డేర్ అనుకుంటారు. దానికి మందు, ఎవరు రాసిన డేర్ వారికే రావచ్చని ముందే చెప్పడం. ఒక్కొక్కరి చేత మూడు చీటీలు రాయించి కలపండి. రాసేటప్పుడే జాగ్రత్త పడతారు. 13వ ఎక్కం వెనక నుంచి, ఒంటికాలి మీద నిలబడి వారాల పేర్లు, పొడుపు కథ వేసి అందరినీ ఓడించడం వీరికి బాగా నప్పుతాయి. తినే డేర్లు మాత్రం వద్దు.

పదమూడు నుంచి పద్దెనిమిది

పెద్దవాళ్లు చుట్టులో కూర్చుంటే వీరు నిజం చెప్పరు, అసలు ఎవరూ లేకపోతే హద్దు దాటవచ్చు. పక్క గదిలో, తలుపు తీసి ఉంచి, ఎవరైనా పెద్దవారు తమ పని తాము చేసుకుంటూ ఉండటం సరైన దూరం. "నీకెవరంటే ఇష్టం? పేరు చెప్పు" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానిని పూర్తిగా నిషేధించడం కంటే "పేరు చెప్పకుండా ఒక మంచి గుణం చెప్పు" అని మార్చి రాయండి. పేరు బయటికి వస్తే మర్నాటికి తరగతి అంతా పాకుతుంది, ఆ మూడో మనిషి ఈ ఆటలోనే లేరు.

ఫోను డేర్లు ఈ వయసులో అతి పెద్ద ప్రమాదం. ఇతరుల ఫోను తెరవడం, గ్యాలరీ చూపించమనడం, ఎవరికో సందేశం పంపమనడం, స్టేటస్ పెట్టమనడం ఏవీ వద్దు. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేసి పక్కన పెడితే సగం తలనొప్పి పోతుంది. సరదాకని 108కి, 112కి ఫోన్ చేయించడం అసలే వద్దు. అవతల నిజంగా అంబులెన్సు కావలసిన మనిషి వరుసలో ఉండవచ్చు.

హాస్టల్, కాలేజీ

స్నేహితుల మధ్య అయితే పైన చెప్పిన పద్ధతే సరిపోతుంది. సీనియర్లు, కొత్తగా చేరిన జూనియర్లు కలిసి ఆడితే మాత్రం కథ వేరు. జూనియర్ "పాస్" అనగలడా? అనలేకపోతే అది ఆట కాదు, ర్యాగింగ్. ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం ఒక విద్యార్థిని ఏడిపించి, అవమానించినా 6 నెలల వరకు జైలు పడవచ్చు. "ఆట కోసమే చేశాం" అన్న జవాబు అక్కడ పనిచేయదు. జూనియర్లతో ఆడాలనే ఉంటే డేర్లన్నీ సీనియర్లకే ఇవ్వండి, ట్రూత్‌లో "మొదటి వారం హాస్టల్లో ఏది కష్టమనిపించింది?" వంటివి అందరినీ అడగండి. మద్యం తాగినవారు ఉన్న చోట ఆట మొదలు పెట్టకండి.

ఆఫీసు

ఆఫీసులో డేర్లు వదిలేసి ట్రూత్ ఒక్కటే ఆడమని నా సలహా. అదీ పని చుట్టూనే: మొదటి ఇంటర్వ్యూలో తడబడిన ప్రశ్న, ఉద్యోగం కాకపోతే ఏం చేసేవారు, మధ్యాహ్నం డబ్బాల్లో ఎవరి కూర కోసం ఎదురు చూస్తారు. ప్రేమలు, శరీరం, తాకే పనులు, జీతాలు, పై అధికారి మీద అభిప్రాయం అడగకండి. పని చేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకోవడానికి 2013లో వచ్చిన చట్టం ఆఫీసు గదికే కాదు, పని మీద వెళ్లిన చోట్లకూ, అక్కడికి తీసుకెళ్లే వాహనానికీ వర్తిస్తుంది. రిసార్టులో ఆడుతున్నాం కదా అని హద్దు సడలదు.

దూరదేశాల్లో ఉన్నవారితో వీడియో కాల్‌లో

సీసా తిప్పడం కుదరదు. ఒకరి దగ్గర పేర్ల చీటీలు ఉంచి, కెమెరా ముందు తీయించండి. చేసే డేర్ల కంటే వెతికి తెచ్చే డేర్లు బాగుంటాయి: 30 సెకన్లలో ఇంట్లో ఇత్తడి వస్తువు తెచ్చి చూపాలి, ఫ్రిజ్‌లో ఉన్న పచ్చళ్ల పేర్లు చెప్పాలి. అక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు చదవడం రాకపోతే చీటీ వారి అమ్మమ్మ చదివి వినిపిస్తుంది. వేళ చూసుకోండి. డల్లాస్‌లో శనివారం రాత్రి 9 గంటలైతే మనకు ఆదివారం ఉదయం వేసవిలో 7.30, చలికాలంలో 8.30. రెండు వైపులా తీరిక ఉండే వేళ అది. కాల్ రికార్డు చేయవద్దు.

ఏ గుంపులోనూ ఇవ్వకూడని డేర్లు

- పోటీపడి తినడం, గుటుక్కున మింగడం. 2024లో ఓనం వేళ కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో ఇడ్లీలు తినే పోటీలో ఒకాయన గొంతుకు అడ్డుపడి చనిపోయారు. మెత్తని ఇడ్లీయే అంత పని చేసింది.
- పొడి కారం, దాల్చినచెక్క పొడి నోట్లో వేసుకోవడం. పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
- ఊపిరి బిగపట్టడం, మెడ నొక్కుకోవడం.
- డాబా పిట్టగోడ ఎక్కడం, బావి, చెరువు, కాలువల దగ్గర ఏ పనైనా.
- రోడ్డు మీద బండితో, రైలు పట్టాల దగ్గర, టపాసులతో చేసేవి.
- బట్టలు, ముద్దులు, తాకడం ఉన్నవి.
- దారిన పోయేవారిని, కాపలాదారును, పనివారిని ఏడిపించేవి. వారు ఆటకు ఒప్పుకోలేదు.

తరచుగా జరిగే పొరపాట్లు

పాస్‌లను ఒక్కొక్కరికి మూడుకు పరిమితం చేస్తారు. నాలుగోసారి వచ్చిన ప్రశ్నే చెప్పలేనిదైతే? లెక్క పెట్టకండి. ప్రతిసారీ పాస్ అనే మనిషి ఉంటే చీటీలు బాగాలేవని అర్థం, మార్చండి.

పాస్ అన్నవారికి ఇంకా పెద్ద డేర్ ఇస్తారు. కాదనే వీలును వెనక్కి లాక్కున్నట్లే.

చెప్పింది నిజమా కాదా అని పక్కవారిని అడిగి రుజువు చేయబోతారు. వదిలేయండి. ఆటలో అబద్ధం చెప్పే స్వేచ్ఛ కూడా కొంత ఉంటుంది.

ఆట అయ్యాక జవాబులను వంటింట్లో మళ్లీ చెప్పుకుంటారు. చుట్టులో లేనివారి దగ్గర అనడమూ పొరపాటే. జవాబులు బయట చెప్పవద్దని మొదట్లోనే అడిగి, అందరి చేత సరే అనిపించండి.

సరిగా సాగుతోందా లేదా ఎలా తెలుస్తుంది?

నవ్వులను బట్టి అంచనా వేయకండి. డేర్ చేసిన మనిషి నవ్వుతున్నారా, చూసేవారు మాత్రమే నవ్వుతున్నారా అన్నది చూడండి. ఎవరైనా "నీళ్లు తాగి వస్తా" అని లేచి పది నిమిషాలైనా రాకపోతే, ఒక పిల్ల వరుసగా డేరే కోరుకుంటూ ట్రూత్ నుంచి తప్పించుకుంటుంటే, కళ్లు మాటిమాటికీ ఒకరి వైపే పోతుంటే చుట్టు ఆపండి. అందరి ముందూ "ఏమైంది?" అని అడగకండి. "టీ తాగి మళ్లీ మొదలుపెడదాం" అని విరామం ఇచ్చి, విడిగా పక్కన కూర్చోండి.

ఎవరైనా ఏడిస్తే "ఆటే కదా" అనకండి. ఆ చీటీ చించేసి, దానిని డబ్బాలో వేయడం తమదే తప్పని ఆట నడిపేవారు చెప్పాలి. పిల్లలు ట్రూత్‌లో ఎవరో తమను కొడుతున్నారనో, తాకుతున్నారనో చెబితే ఆట అక్కడితో ఆపి, వేరే గదిలో వారి మాట పూర్తిగా వినండి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. కాలేజీలో ర్యాగింగ్ అయితే 1800-180-5522. ఎవరైనా వీడియో తీసి నెట్‌లో పెట్టి బెదిరిస్తుంటే సైబర్ నేరాల సహాయ నంబరు 1930.

చివరగా డబ్బాల సంగతి. అడగవద్దని రాసిచ్చిన చీటీలను అందరూ చూస్తుండగా చించేయండి, ఇంట్లో ఏ మూలా మిగలకూడదు. ఎవరూ నవ్వని చీటీలు, ఎక్కువమంది మార్చుకున్న చీటీలు తీసేయండి. మిగిలినవాటిని ఏ గుంపుతో ఆడారో మూత మీద రాసి దాచండి. తరువాతి పండుగకు పది కొత్తవి కలిపితే చాలు.